అనుమతి లేని ఆయుష్షు

బైపల్లి దాలమ్మ జూన్ ఇరవయ్యో తేదీ గురువారం నాడు చనిపోవలసి ఉంది. చనిపోలేదు. ఆ రోజు ఎప్పటిలాగే మా మండల ఆసుపత్రి డయాలసిస్ కేంద్రంలో ఆరో నంబరు మంచం ఎక్కింది. నాలుగ్గంటలు రక్తం కడిగించుకుంది. దిగి, గేటుకి ఎదురుగా ఉన్న నా జిరాక్సు షాపు బల్ల మీద కూర్చుని, ఆటో వచ్చేదాకా కోడలి మీద చాడీలు చెప్పింది. శనివారం పొద్దున్న మళ్లీ వచ్చింది.

ఆమెకు ఆ తేదీ పెట్టింది దేవుడు కాదు, డాక్టర్లూ కాదు. రాజధానిలోని ఒక కార్యాలయం.

మా వైపు ఊళ్లు చూడ్డానికి చల్లగా ఉంటాయి. జీడితోటలు, కొబ్బరిచెట్లు, అవి దాటితే సముద్రం. వీధికి ఇద్దరో ముగ్గురో కిడ్నీలు పోయినవాళ్లు. ఎందుకు పోతున్నాయో తేలుస్తామని నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు, మా నెత్తురూ పట్టుకెళ్లారు. ఏదీ తిరిగి రాలేదు. చివరికి డయాలసిస్ కేంద్రం ఇచ్చారు. ఎనిమిది మంచాలు, మంచానికో యంత్రం, రోజుకు మూడు షిఫ్టులు, మనిషికి వారంలో మూడు రోజులు. చోటు కోసం ఎదురుచూసేవాళ్లు నలభై ముగ్గురు. మంచం ఖాళీ అయ్యే పద్ధతి ఒకటే ఉంది. అదేమిటో అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనరు.

అనకపోవడం వల్ల పై కార్యాలయానికి ఇబ్బంది వచ్చింది. మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందో ముందుగా తెలియకపోవడం పరిపాలనా లోపమని వాళ్లు గుర్తించారు. వెతగ్గా వెతగ్గా వాళ్లకొక పట్టిక దొరికింది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఏ వయసులో మొదలుపెడితే సగటున ఎన్నేళ్లు బతుకుతారో అందులో ఉంది. పట్టిక రాసిన డాక్టరు పాపం, సగటు అనే రాశాడు. పదిమందిలో ఒకరు ఏడాదికే పోవచ్చు, ఒకరు పదిహేనేళ్లు ఉండొచ్చు, కలిపి భాగిస్తే ఇంత అని. కానీ ఆఫీసులకు సగటు అంటే తెలియదు. గడువు అంటే తెలుసు. కరెంటు బిల్లుకి గడువు, దరఖాస్తుకి గడువు, మనిషికి గడువు. యాభై రెండో ఏట మంచం ఎక్కిన దాలమ్మకు ఐదేళ్ల రెండు నెలలు మంజూరైంది.

దీనికి 'ముందస్తు ఖాళీల పథకం' అని పేరు పెట్టారు. ఎదురుచూసే నలభై ముగ్గురికీ తలా ఒక ఖాయం పత్రం పంపారు. ఏ మంచం, ఏ షిఫ్టు, ఏ తేదీ నుంచి అన్నది అందులో అచ్చువేసి ఉంది. రైల్లో బెర్తు ఖాయమైనట్టు జనం ఆ పత్రాలు పట్టుకుని నా షాపుకొచ్చి నాలుగేసి కాపీలు తీయించుకున్నారు. కాపీ తీస్తూ చదవడం నా అలవాటు. మండ తవిటమ్మ పత్రం దగ్గర నా చెయ్యి ఆగింది.

ఆరో నంబరు మంచం. మొదటి షిఫ్టు. జూన్ ఇరవై రెండు, శనివారం నుంచి.

తవిటమ్మ దాలమ్మకి వియ్యపురాలు. తవిటమ్మ కూతురు మంగ, దాలమ్మ కోడలు. రెండిళ్లకీ మధ్య ఇసకలపేటలో రెండు సందులే దూరం. అంతవరకూ తవిటమ్మ వారానికి రెండుసార్లు బస్సులో మూడు గంటలు ప్రయాణం చేసి పట్నంలో రక్తం కడిగించుకునేది. పత్రంలోని తేదీ దగ్గరపడగానే పట్నం ఆసుపత్రి వాళ్లు, 'మీకు మీ మండలంలోనే ఖాయమైంది కదమ్మా' అని సంతోషించి ఆమె పేరు కొట్టేశారు.

ఆ శనివారం ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారు. మధ్యలో మంగ. ఒళ్లో రెండు టిఫిను డబ్బాలు. ఆటో దిగుతూ తవిటమ్మ అంది:

"ఏటి వదినా, నువ్వింకా ఉన్నావేటే?"

"ఉన్నానే. నీకేటి తొందర?"

"నాకు తొందర నేదు. కాయితానికుంది."

"అయితే కాయితాన్నే ఎక్కించు మంచం మీదకి."

లోపల టెక్నీషియన్ హేమలత దాలమ్మను ఎప్పటిలాగే కాటా మీద నిలబెట్టింది. గురువారం దిగినప్పుడు నలభై ఎనిమిది కిలోలు. ఇప్పుడు నలభై తొమ్మిదీ ఎనిమిది వందలు. తర్వాత కంప్యూటర్లో నంబరు కొట్టింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. 'ఈ లబ్ధిదారు కాలం ముగిసినది.'

"పిన్నీ, నువ్వు అయిపోయావంటోంది."

"అయిపోతే బరువెలగ పెరిగినానే?"

"నీళ్లు తాగావు."

"సచ్చినోలు నీళ్లు తాగుతారేటి? అది అడుగు దాన్ని."

కంప్యూటర్ని అడిగే మీట లేదు. 'అత్యవసరం' అనే మీట మాత్రం ఉంది. కాలం ముగిసినవాళ్లకీ, పేరు లేనివాళ్లకీ మూడు షిఫ్టులూ అయ్యాక ఒకసారి కడగొచ్చు. అలా మనిషికి పదిసార్లు. పదకొండోసారి నొక్కితే యంత్రం తిరగదు. పదిసార్లు అంటే వారానికి మూడు చొప్పున మూడు వారాల పైన ఒక్కరోజు. ఆ తర్వాత నాలుగైదు రోజుల్లో ఒళ్లంతా నీరు పట్టి, ఊపిరి అందక, పట్టిక చెప్పిన మాట నిజమవుతుంది.

ఆ విధంగా దాలమ్మ వరండాలో కూర్చుంది, తవిటమ్మ ఆరో నంబరు మంచం మీద పడుకుంది. హాలు మూల టార్పాలిన్ కప్పిన ఎత్తైన వస్తువు ఒకటి ఉంది. దాని మీద అందరూ డబ్బాలూ సంచులూ పెట్టుకుంటారు. మంగ రెండు డబ్బాలూ దాని మీద పెట్టి, ఎవరి పక్కన కూర్చోవాలో తేల్చుకోలేక గుమ్మంలో నిలబడింది.

"మంచం మెత్తగున్నాదేటే?" వరండాలోంచి దాలమ్మ అడిగింది.

"ఏం మెత్తన. నీ నడుం కాడ గుంట పడిపోనాది."

"ఐదేళ్లు పట్టినాది ఆ గుంట పడ్డానికి. జాగర్తగా పడుకో."

* * *

నాలుగో అత్యవసరం నాటికి నోటీసు వచ్చింది. దాలమ్మ చదివించుకోవడానికి నా దగ్గరికి తెచ్చింది.

'విషయము: లబ్ధిదారు శ్రీమతి బైపల్లి దాలమ్మ ముందస్తు అనుమతి లేకుండా జీవించుట గురించి. పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, తమకు మంజూరైన ఆయుర్దాయము జూన్ ఇరవయ్యో తేదీతో ముగిసినప్పటికీ, తాము సదరు తేదీ తరువాత కూడా జీవించుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఏడు దినములలోగా స్వయముగా హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెను. హాజరు కాని యెడల మరణించినట్లు భావించి ఫైలు మూసివేయబడును.'

"ఏటంతాది మేష్టారూ?"

"ఎందుకు బతికున్నావో చెప్పమంటోంది."

దాలమ్మ బల్ల మీద సర్దుకుని కూర్చుంది. ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న అది.

"రాయండి. డాక్టరు బాబు రోజుకి రొండు గళాసుల నీళ్లు అన్నాడు, రొండే తాగినాను. దాహమేస్తే ఐసుముక్క సప్పరించినాను. ఉప్పు మానీసినాను. వాకిట్లో కొబ్బరిసెట్టుంది, దాని నీళ్లు ముట్టుకుని ఐదేళ్లయినాది. ఒక్క మామిడిటెంక మట్టుకు సీకినాను, పోయినేడు. అది రాయకండి."

నేను టెంక వదిలేసి మిగతాదంతా శుభ్రమైన భాషలో రాశాను.

విచారణకు రాజధాని నుంచి సగటు అమలు విభాగం ఉపసంచాలకులు ఫణిభూషణరావుగారు జీపులో వచ్చారు. ఆసుపత్రి సూపరింటెండెంటు గదిలో కూర్చున్నారు. గోడకి పట్టిక వేలాడదీశారు. సంజాయిషీ రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"అనగా, తాము ఐదు సంవత్సరాలుగా ఒక ప్రణాళిక ప్రకారం దీనికి పాల్పడుతున్నారన్నమాట."

"దేనికి బాబూ?"

"దీర్ఘకాలికంగా జీవించుటకు."

"సెప్పినట్టు సేసినాను గదా నాయినా."

"అమ్మా, సగటు అంటే ఏమిటనుకున్నారు? సగటు అంటే క్రమశిక్షణ. కొందరు పెద్దమనసుతో ముందే తప్పుకుంటున్నారు. వారివల్ల లక్ష్యం నెరవేరుతోంది. మీవంటివారు హద్దు మీరడం వల్ల రాష్ట్రం మొత్తం పట్టిక వంకరపోతోంది. బాధ్యతాయుతమైన పౌరురాలిగా ఆలోచించండి."

"మరి నానేటి సెయ్యాల?"

"మీరేమీ చేయనక్కరలేదు. చేస్తున్నది ఆపితే చాలు."

రాసిపెట్టడానికి వెళ్లినవాడిని, మాట్లాడకూడదు. కానీ ఆఫీసు భాష ఎదురుపడితే నాకు నోరూరుతుంది.

"అయ్యా, చిన్న సందేహం. మూడో నంబరు మంచం మీద కర్రి కామయ్య అని ఉండేవాడు. మీ పట్టిక ప్రకారం ఆయనకీ ఐదేళ్ల రెండు నెలలే మంజూరైంది. పది నెలలకే పోయాడు. మిగతా నాలుగేళ్ల నాలుగు నెలలు ఎక్కడున్నాయండి?"

ఫణిభూషణరావుగారు పట్టిక వైపు చూశారు. పట్టిక వెనక్కి కూడా చూశారు.

"ఉండాలి. ఎక్కడో ఉండాలి."

"ప్రభుత్వం మంజూరు చేసినది వాడకుండా మురిగిపోతే శాఖకి మాట రాదాండి?"

మురిగిపోవడం అన్న మాట వినగానే ఆయన నిటారుగా కూర్చున్నారు. మనుషులు పోవడం ఆయన చూశారు కానీ, మంజూరైనది మురిగిపోవడం ఆయన ఉద్యోగంలో ఎన్నడూ జరగలేదు. కాగితం తెప్పించుకుని గబగబా రాసుకున్నారు. జీపు ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "మీరు శాఖలో ఉండవలసినవారు" అన్నారు. అంతటి శాపం నాకెవరూ పెట్టలేదు.

దాలమ్మ తొమ్మిదో అత్యవసరం నాటికి ఉత్తర్వు వచ్చింది. 'అనుభవించని ఆయుర్దాయపు బదిలీ నిబంధనలు.' చనిపోయినవారు మిగిల్చిన కాలాన్ని వారసుల అంగీకారంతో మరొక లబ్ధిదారుకి బదిలీ చేయవచ్చు. సదరు మృతుడు సదరు నెలలను ఏ రూపంలోనూ వాడుకోలేదని పంచాయతీ కార్యదర్శి ధ్రువపత్రం ఇవ్వాలి.

దాలమ్మ కామయ్య భార్య దగ్గరికి వెళ్లింది. నేనూ కాగితాలతో వెనకాల వెళ్లాను. ఆవిడ పెరట్లో జీడిపిక్కలు ఎండబోస్తోంది. విషయం విని, చేతులు కొంగుకి తుడుచుకుని, వేలిముద్ర వేసింది.

"మా ముసిలోడు ఎలగూ వాడుకోనేదు. నువ్వయినా వాడుకో అప్పా. పాడవనీకు."

దాలమ్మ తల ఊపింది. ఆటో ఎక్కేముందు, "నాలుగేళ్ల నాలుగు నెల్లు. సెడ్డ బరువుంది మేష్టారూ" అంది.

* * *

ఆ ఉత్తర్వు తర్వాత మా ఊళ్లలో చావు మర్యాదలు మారిపోయాయి.

ఇదివరకు పెద్దకర్మ భోజనాల్లో బూరెలు ఎన్ని వేశారని చూసేవాళ్లు. ఇప్పుడు పోయినాయన ఎన్నేళ్లు మిగిల్చాడని అడుగుతున్నారు. ఏడాదికే పోయినవాడి ఇంటికి చుట్టాలు మూడో రోజు నుంచే వచ్చి కూర్చున్నారు. ఒకచోట అన్నదమ్ములిద్దరు, తండ్రి మిగిల్చిన మూడేళ్లను చెరి ఏడాదిన్నరగా పంచుకున్నారు. పెద్దవాడు తన వాటా అత్తగారికి రాశాడు. చిన్నవాడి పెళ్లాం మాట్లాడ్డం మానేసింది. ఆరున్నరేళ్లు బతికి పోయిన గవరయ్యనైతే కొడుకులు తలుచుకున్నప్పుడల్లా, 'మాకేటి మిగిల్చినాడు' అని నిట్టూరుస్తున్నారు. కిడ్నీలు బాగున్న ఒకాయన వచ్చి, తన ఆయుష్షులోంచి రెండేళ్లు చెల్లెలికి రాసిమ్మన్నాడు. కుదరదన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఆయుర్దాయం మంజూరు కాలేదు, వాళ్లు ఊరికే బతుకుతున్నారు.

పక్క మండలంలో మరీ తెలివైనవాడొకడు తాను మంచం మీద ఉండగానే తాను చనిపోయినట్టు రాసుకుని, తన నెలలు తనకే బదిలీ చేయించుకున్నాడు. అది బయటపడ్డాక నిబంధనల్లో ఇంకో వాక్యం చేరింది. దాత మరణాన్ని వైద్యాధికారి స్వయంగా పరీక్షించి ధ్రువీకరించాలి. ఈ వాక్యం గుర్తుంచుకోండి.

కామయ్య నెలలు బదిలీ అయి, దాలమ్మ మళ్లీ తన ఆరో నంబరు మంచం ఎక్కింది. అదే మధ్యాహ్నం తవిటమ్మకి కొత్త ఖాయం పత్రం వచ్చింది. అదే మంచం, అదే షిఫ్టు. తేదీ ఒక్కటే మారింది. నాలుగేళ్ల నాలుగు నెలలు ముందుకి జరిగింది.

ఇప్పుడు వరండాలో తవిటమ్మ. పట్నంలో ఆమె చోటు అప్పటికే వేరేవాళ్లకి ఇచ్చేశారు. ఆమెకీ పది అత్యవసరాలే.

ఆరు అయ్యాక ఒకరోజు మంగ నా షాపుకొచ్చింది. జిరాక్సు తీయించుకోవడానికేమీ తేలేదు. బల్ల మీద కూర్చోలేదు.

"మేష్టారూ, మీ కాయితం మా అత్తని బతికించినాది. దండం పెడతాను. మా యమ్మని సంపేత్తంది. దానికేటి పెట్టమంతారు?"

నేను కుర్చీ ఆమె వైపు జరిపాను.

"ఇంట్లో అత్త ముద్ద మింగదు. నా వల్లేనే అంతాది. అమ్మ కాడికెల్తే, నువ్వు మీ అత్తనొగ్గీసి నా కాడేటి సేత్తన్నావే అని తిడతాది. ఇద్దరికీ కొలిసి నీళ్లు పోత్తన్నాను."

ఆ పిల్ల వెళ్లాక చాలాసేపు మిషను మూత తెరిచి మూశాను. బదిలీకి దాతల కోసం వెతికాను. మిగిలిన మృతుల నెలలన్నీ అప్పటికే ఎవరో ఒకరు రాయించుకున్నారు. అయినా నెలలు దొరికితే ఏం లాభం? మంచం ఏది?

* * *

తవిటమ్మ ఎనిమిదో అత్యవసరం నాడు ఫణిభూషణరావుగారు పథకం విజయాన్ని పరిశీలించడానికి మళ్లీ వచ్చారు. హాలంతా తిరిగి, మూల టార్పాలిన్ ముందు ఆగి, మీద ఉన్న టిఫిను డబ్బాల వైపు కోపంగా చూశారు.

"ఇదేమిటి?"

"తొమ్మిదో యంత్రం సార్," అంది హేమలత. "కేంద్రంతో పాటే వచ్చింది. ప్లగ్గు పాయింటు లేదని బిగించలేదు. గోడ భవనాల శాఖది. గోడకి కన్నం పెట్టడానికి వాళ్ల అనుమతి కావాలి. ఏడేళ్లలో ఆరు ఉత్తరాలు రాశాం. గోడని పరిశీలిస్తున్నామని జవాబొచ్చింది."

ఆయన చేతిలోని ఇంకో పట్టిక విప్పారు. అది యంత్రాలది. "డయాలసిస్ యంత్రం ఆయుర్దాయం ఏడు సంవత్సరాలు. మే నెలాఖరుతో దీని కాలం ముగిసింది. తుక్కు జాబితాలో చేర్చండి."

వరండాలోంచి తవిటమ్మ గొంతు వచ్చింది. మొహం ఉబ్బి ఉంది, మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది, కానీ పదును తగ్గలేదు.

"బాబూ, అది ఒక్క దినమైనా తిరిగినాదేటి?"

"లేదమ్మా."

"అయితే ఏడేళ్లూ అలగే మిగిలిపోనాయి గదా."

హేమలత టార్పాలిన్ మీది డబ్బాలు దించింది.

"కామయ్యవి వదిన రాయించుకుంది. దీనివి నాకు రాయండి. ఏడేళ్లు. ఒక్క నెల కూడా వాడనేదు. టార్పాలిన్ కూడా తియ్యనేదు, సూడండి."

ఫణిభూషణరావుగారి మొహంలోకి నెమ్మదిగా ఒక వెలుగు వచ్చింది. యంత్రం నుంచి మనిషికి ఆయుర్దాయ బదిలీ. దేశంలోనే ప్రథమం.

"దీని వారసులెవరు?" అన్నారు.

"ప్రభుత్వమే సార్," అన్నాను.

"అంటే నేనే." జేబులోంచి కలం తీశారు. "నా అంగీకారం ఇస్తున్నాను. మిగతా లాంఛనాలు పూర్తి చేయండి."

మిగతా లాంఛనం ఒకటే ఉంది. దాత మరణ ధ్రువీకరణ. మా వైద్యాధికారి డాక్టరు నీరజ అంతవరకూ ఈ వ్యవహారంలో నోరు విప్పలేదు. స్టెతస్కోపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టారు.

"చనిపోయిందో లేదో చూడకుండా నేను సంతకం పెట్టను. మీరు పెట్టిన నిబంధనే."

"చూడండి. ఎవరు కాదన్నారు?"

"చూడాలంటే ఆన్ చెయ్యాలి సార్. కరెంటు కావాలి, నీళ్ల పైపు కావాలి."

ఆయన కొంచెంసేపు గోడ వైపు చూశారు. "శాశ్వతంగా బిగించుటకే గోడ శాఖ అనుమతి. మరణ నిర్ధారణ నిమిత్తం తాత్కాలికంగా తీగ లాగుకొనవచ్చును." రాసి, సంతకం చేసి, తేదీ కూడా వేశారు.

తయారుచేసిన కంపెనీ నుంచి మెకానిక్ వచ్చాడు. హేమలత, అతనూ రెండు రోజులు దాన్ని కడిగారు, పైపులు మార్చారు, మందు పోసి మళ్లీ కడిగారు. ఈలోపు తవిటమ్మ తొమ్మిది అయింది, పది అయింది. పదోది శనివారం. పరీక్ష మంగళవారం అని, దానికి తానే మళ్లీ వస్తానని ఫణిభూషణరావుగారు కబురు పెట్టారు. ఆదివారం ఆమె గళాసు నీళ్లు కూడా తాగలేదని, ఐసుముక్క నోట్లో పెట్టుకుని మళ్లీ ఉమ్మేసిందని మంగ చెప్పింది.

మంగళవారం తవిటమ్మను ఆటోలోంచి ఇద్దరు పట్టుకుని దించారు. కాళ్లు పిండిముద్దల్లా ఉన్నాయి. పడుకుంటే ఊపిరి ఆడడం లేదు, వరండా గోడకి చేరబడి కూర్చుంది. దాలమ్మ మంచం ఎక్కలేదు. పక్కనే నేల మీద కూర్చుని, తవిటమ్మ ఎడమచేతి మీద వేళ్లు పెట్టి చూసింది. సూదులు గుచ్చడానికి నరాలు కలిపి కుట్టిన చోట రక్తం జుంయ్‌మని కొట్టుకుంటుంది. మా వాళ్లు దాన్ని చేతిలో మిల్లు అంటారు. రోజూ లేవగానే మిల్లు తిరుగుతోందా అని చూసుకుంటారు.

"తిరుగుతందే వదినా. ఆగనేదు."

"నీ మంచం ఎక్కవేటి?"

"ఎక్కుదును లే. సూడనీ."

లోపల హేమలత మీట నొక్కింది.

ఏమీ కాలేదు. ఫణిభూషణరావుగారు తల ఆడించారు. "మరణించినట్లు రాయండి."

అప్పుడు యంత్రం నెత్తి మీద పచ్చదీపం వెలిగింది. లోపలెక్కడో ఒక చక్రం, ఏడేళ్ల నిద్ర లేచినట్టు, గుర్రుమని తిరగడం మొదలుపెట్టింది. మెకానిక్ పది నిమిషాలు అన్ని అంకెలూ చూశాడు. "భేషుగ్గా ఉంది సార్," అన్నాడు.

డాక్టరు నీరజ ధ్రువపత్రం మీద రాశారు. 'పరీక్షించితిని. మరణించలేదు.'

ఉపసంచాలకులు కుర్చీలో కూలబడ్డారు. "దాత బతికి ఉన్నందున బదిలీ చెల్లదు. సదరు లబ్ధిదారు దరఖాస్తు తిరస్కరించడమైనది." తర్వాత గొంతు సవరించుకుని, "పైగా సదరు యంత్రం తన ఆయుర్దాయం ముగిసిన పిదప కూడా పనిచేస్తున్నది. అనుమతి లేకుండా. ఆపివేయండి."

హేమలత చెయ్యి మీట మీదకి వెళ్లింది.

"ఆగవే అమ్మీ," అంది దాలమ్మ. గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నాయినా, నాను గడువు దాటి బతికినప్పుడు నువ్వేటి సేసినావు? నోటీసిచ్చినావు. నా జవాబు సూసి తేల్చకుండానే పీకనొక్కీసినావా? నేదు గదా. పక్కనెట్టి కడిగించినావు. మరి దానికో నాయం, నాకో నాయమా?"

ఫణిభూషణరావుగారు నా వైపు చూశారు. నేను నేల చూశాను.

"నిబంధన ప్రకారం..." అని ఆగిపోయారు. నిబంధన ప్రకారం ఆవిడే సరి. ఆయన జీవితంలో అనేక సంకటాలు వచ్చి ఉంటాయి కానీ, నిబంధన ఎదురుతిరగడం ఇదే మొదటిసారి అనుకుంటాను. చివరికి కాగితం తీసుకుని రాశారు. 'గడువు మీరి పనిచేయుచున్నందుకు తొమ్మిదో నంబరు యంత్రానికి సంజాయిషీ నోటీసు జారీ చేయడమైనది. సంజాయిషీ అందువరకు యథాతథ స్థితి కొనసాగించవలెను.'

"యథాతథ స్థితి అంటే ఏటి?" తవిటమ్మ అడిగింది, ఆగి ఆగి.

"ఎలా ఉన్నది అలా ఉండాలి," అన్నాను. "తిరుగుతోంది కాబట్టి తిరుగుతూ ఉండాలి."

"ఊరికే తిరిగితే పాడైపోద్ది కదా సార్," అని గొణిగింది హేమలత, ఎవరినీ చూడకుండా. "ఈ యంత్రం కంప్యూటర్లో లేదు. లేనిదాని మీద ఎవరిని పడుకోబెట్టినా కంప్యూటర్ పేరు అడగదు."

ఫణిభూషణరావుగారు చాలా మర్యాదస్తుడు. ఆ క్షణంలో ఆయనకి జీపులో మరిచిపోయిన వస్తువేదో గుర్తొచ్చి బయటికి వెళ్లారు.

నాలుగ్గంటల తర్వాత తవిటమ్మ మూడు కిలోలు తగ్గి, ఒంటరిగా కాటా ఎక్కి దిగింది.

* * *

యంత్రం తరఫున సంజాయిషీ నేనే రాస్తున్నాను. తొందరపడదలచుకోలేదు. ఇప్పటికి పదకొండుసార్లు గడువు పొడిగించమని కోరాను, పదకొండుసార్లూ పొడిగించారు. ఒకసారి వేలిముద్ర ఎలా తీసుకోవాలని అడిగాను. దాని మీద కార్యాలయంలో నాలుగు నెలలు చర్చ జరిగింది. మొదటి వాక్యం మాత్రం తయారైంది. 'అయ్యా, తమరు ఆజ్ఞాపించినట్లే నేను ఏడు సంవత్సరములు ఏ తప్పూ చేయకుండా చచ్చి పడి ఉంటిని.'

ఈలోపు తొమ్మిదో యంత్రం మీద, తవిటమ్మతో కలిపి, ఆరుగురు కడిగించుకుంటున్నారు. వాళ్లెవరూ ఏ కాగితంలోనూ బతికి లేరు. మిగతావాళ్లలో బతికున్న ముప్పై ముగ్గురూ ఖాయం పత్రాలు మడత పెట్టుకుని, ఎవరి తేదీ వరకు వాళ్లు బస్సుల్లో పట్నం తిరుగుతున్నారు. తేదీకి ముందే పోయిన నలుగురి పత్రాలు కూడా బదిలీ చేయవచ్చునా అని పై నుంచి లేఖ వచ్చింది.

మొన్న మళ్లీ జూన్ ఇరవై దాటింది. ఆరో నంబరు మంచం మీద దాలమ్మ, మూల తొమ్మిదో దాని పక్కన తవిటమ్మ. మంగ ఇద్దరి నోట్లో చెరో ఐసుముక్క పెట్టి, మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుంది. నేను ఎవరికో కాపీలు ఇవ్వడానికి లోపలికి వెళ్లాను.

"వదినా, ఈ యేడూ సావనేదేటే నువ్వు?" అంది తవిటమ్మ.

"నీకు మంచముంది గదే. ఇంకెందుకే ఆత్రం?"

"ఆత్రం నేదు." తవిటమ్మ ఐసుముక్క ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మార్చుకుంది. "దినామూ అడగడం అలవాటైపోనాది. నువ్వు తిరిగి ఏదో ఒకటి అనకపోతే నాకు తోచదు."